ఎనిమిది కంప్యూటర్లకు పచ్చకామెర్లు

మార్చి ముప్పై ఒకటో తారీఖు పొద్దున ఉపేందర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. బడికి పోవాలి, కంప్యూటర్ గది తాళం తీయాలి, ఎనిమిది కంప్యూటర్లూ వెలుగుతుండగా ఒక ఫొటో కొట్టి జిల్లా గ్రూపులో పెట్టాలి. ఆ ఫొటో చూసి పెద్దసారు, అంటే జిల్లా విద్యాధికారి, అతని కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెడతాడు. పెడితే ఇంకో ఏడాది కొలువు. పెట్టకపోతే ఆ సాయంత్రంతో ఆరేళ్ల కాంట్రాక్టు ఖతం. హైదరాబాదులో డెలివరీ బండి తోలే తమ్ముడు ద్వాళి అప్పటికే వారం నుంచి ఫోన్లు చేస్తున్నాడు. "అన్నా, నీకు గూడ ఒక బండి మాట్లాడి పెట్టిన. హెల్మెట్ సైజు చెప్పు."

హెల్మెట్ సైజు చెప్పడం ఉపేందర్‌కు ససేమిరా ఇష్టం లేదు. తొర్రూరుకు ఆవలనున్న తండాలో పుట్టి పెరిగి, ఆ తండా బడిలోనే చదివి, అదే బడిలో కంప్యూటర్ సారు అయినవాడు. గడప దాటుతుంటే భార్య గోరీ మళ్లీ అడిగింది.

"ఇయ్యాల సంతకమైతది గదా?"

"ఎందుకు గాదు? ఒక్క ఫొటో. అంతే."

ఒంటిపూట బడి కాబట్టి ఎనిమిదికల్లా అంతా సందడిగా ఉంది. ఉపేందర్ దేవుణ్ణి తలుచుకొని ఒకటో నంబరు కంప్యూటర్ మీట నొక్కాడు. తెర వెలిగింది. వెలిగింది గానీ తెల్లగా ఉండాల్సిన చోటల్లా పచ్చగా, పసుపు కలిపిన నీళ్లలో ముంచి తీసినట్టు వెలిగింది.

మన దగ్గర ఇలాంటప్పుడు చేసే మొదటి వైద్యం అందరికీ తెలిసిందే. ఉపేందర్ మానిటర్ నెత్తిన ఒకటి పీకాడు. లాభం లేదు. వైరు పీకి, పిన్నుల మీద ఉఫ్ అని ఊది మళ్లీ పెట్టాడు. ఆపి, వంద లెక్కబెట్టి మళ్లీ వేశాడు. చివరికి రెండో నంబరు మానిటర్ తెచ్చి ఒకటో నంబరుకు తగిలించాడు. అదీ పచ్చబడింది. ఒకటో నంబరు మానిటర్ రెండోదానికి పెడితే మల్లెపూవులా తెల్లగా ఉంది. అంటే జబ్బు తెరది కాదు, లోపలి మిషన్‌ది.

తొర్రూరులో రిపేరు షాపులకు కొదవ లేదు. కానీ ఆ ఎనిమిదింటిలో నడిచేది లినక్స్, అందరి కంప్యూటర్లలో ఉండేది కాదు. ఆ పేరు చెప్తే షాపువాళ్లు డబ్బా మూత కూడా తీయరు. "గది మాకు రాదన్నా" అని చాయ్ తాగించి పంపిస్తారు. దాచిపెడదామంటే ఇంకో చిక్కు. ఏ కంప్యూటర్ పాడైనా అదే రోజు స్క్రీన్‌షాట్‌తో సహా గ్రూపులో తెలపాలనీ, తెలపనివాడే బాధ్యుడనీ పెద్దసారు హుకుం. ఉపేందర్ ఆ పచ్చటి తెరనే స్క్రీన్‌షాట్ తీశాడు. తెరిచి చూసుకున్నాడు. పచ్చగానే ఉంది, బాగా వచ్చింది. "ఒకటో నంబరు కంప్యూటర్ తెర ఇట్లా వస్తున్నది, దయచేసి చూడగలరు" అని రాసి గ్రూపులోకి పంపాడు.

ఇక్కడ పాపం ఉపేందర్‌కు తెలియని సంగతి ఒకటుంది. స్క్రీన్‌షాట్ అంటే కంప్యూటర్ తన మనసులో గీసుకున్న బొమ్మ. తెర మీదికి వచ్చే దారిలో దానికి ఏ రంగు అంటుకుందో ఆ బొమ్మకు పట్టదు. పచ్చ తెర మీద చూశాడు కాబట్టి అతనికి పచ్చగా కనిపించింది. అవతల ఫోన్లలో చూసినవాళ్లకు సున్నం వేసిన గోడలా ధగధగ మెరిసింది.

పైగా ఆ గ్రూపులో రాసింది చదివే అలవాటు ఎవరికీ లేదు. ఫొటో చూడటం, దండం పెట్టడం, అంతే. రెండు నిమిషాల్లో పెద్దసారు నుంచి జవాబు వచ్చింది. "అద్భుతం! ఇంత శుభ్రమైన తెర నేను ఏ బడిలోనూ చూడలేదు. అందరూ ఉపేందర్‌ని ఆదర్శంగా తీసుకోవాలి." దాని కింద నలభై మూడు దండాలు, పదకొండు పూలగుత్తులు. "సార్, అది ఫిర్యాదు సార్" అని ఉపేందర్ రాసిన ముక్క ఆ పూలగుత్తుల కింద ఎక్కడో కూరుకుపోయింది. తెగించి రెండోసారి రాస్తే, పెద్దసారు చదవకుండానే బొటనవేలు చూపించాడు.

అంతలో హెడ్మాస్టర్ పోశాలు ఫోన్ చేశాడు. ఆయన మీటింగు కోసమని పొద్దున్నే మహబూబాబాద్ పోయి ఉన్నాడు.

"ఉపేందరూ! శభాష్ రా! పెద్దసారు మీటింగుల నీ పేరు నాలుగుసార్లు తీసిండు!"

"సార్, కంప్యూటర్ పాడైంది సార్..."

"లొల్లి ఎక్కువుందిక్కడ, ఇనవడ్తలేదు. మీటింగు కాంగనే పన్నెండు మంది హెడ్మాస్టర్లను తోల్కొని నీ గది చూడనీకె వస్తడట. సంతకం గూడ ఆడ్నే పెడ్తనన్నడు. వంట సమ్మక్కకు చెప్పి మిర్చీ బజ్జీలు ఏయించు!"

ఫోన్ కట్టయింది. ఒక్క ఫొటోతో పోయేదానికి పదమూడు మంది వస్తున్నారు. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే.

ఇక మిగిలిన దిక్కు ప్రదీప్. జనగామలో ఉంటాడు, ముఖం ఎప్పుడూ చూడలేదు. లినక్స్‌తో అవస్థపడే వాళ్లకు ఫోన్లో సాయం చేసే పుణ్యాత్ముడు. ఉపేందర్ అతనికి అదే స్క్రీన్‌షాట్ పంపి బతిమిలాడాడు.

"ఏమైందన్నా దీనికి? పాలలెక్క తెల్లగుంది" అన్నాడు ప్రదీప్.

"పచ్చగుంది తమ్మీ! నా కండ్ల ముంగట్నే ఉంది!"

"పచ్చకామెర్లోనికి లోకమంత పచ్చగనే కనవడతదంటరు. జర ఎవరికన్న నీ కండ్లు చూపియ్యన్నా."

అసలే భయంలో ఉన్న మనిషికి ఈ మాట చాలు. నిజమేనేమో, నాలుగు రోజుల నుంచి అన్నం కూడా సరిగ్గా సయిస్తలేదు. ఉపేందర్ వంటగదిలో పప్పు కలుపుతున్న సమ్మక్కను పిలుచుకొచ్చి, అదే తెర ముందు కూర్చొని, "అవ్వా, నా కండ్లు చూడు" అన్నాడు. ఆమె కింది రెప్ప లాగి చూసింది. పచ్చటి వెలుగు పడి కన్నేమిటి, ముక్కు కూడా పచ్చగానే ఉంది.

"అయ్యో బిడ్డా, మస్తు ముదిరింది!" అని ఆమె గుండెలు బాదుకుంది. పది నిమిషాల్లో బడి వెనక నేలఉసిరి పీకి, నూరి, లోటా నిండా పసరు తెచ్చింది. చేదు తలకెక్కింది. చివరి గుటక దిగాక సమ్మక్క తెర వైపు తిరిగి, "అగో, గిది గూడ పచ్చగుందేంది?" అంది.

"పొద్దటి సంది నేను మొత్తుకునేది గదే గదా అవ్వా!"

అప్పుడు తట్టింది అతనికి. తెరను ఫోన్‌తో ఫొటో తీసి ప్రదీప్‌కు పంపాడు. ప్రదీప్ గొంతు మారిపోయింది. "అన్నా, తప్పయింది. ఇది సెట్టింగుల తేడా అనిపిస్తుంది. ఒకటో దాని సెట్టింగులు ఇంకోదాంట్ల కాపీ చేసి చూడు. అది గూడ పచ్చబడితే మన అనుమానం నిజం. ఒక ఫారం పంపుతున్న, నింపు. నేను జర పని మీదున్న, చూసి చెప్త."

ఫారం వచ్చింది. ఫారం అన్న ఒక్క మాటతోనే ఉపేందర్‌కు ధైర్యం వచ్చింది, ఎందుకంటే ఫారాలు నింపడంలో అతన్ని కొట్టేవాడు జిల్లాలో లేడు. ఆరేళ్లలో బడి నుంచి పోయిన ఏ కాగితంలోనూ ఒక్క గడి ఖాళీ పెట్టలేదు. ఖాళీ గడి ఉంటే కాగితం వెనక్కి వస్తుందని పోశాలు సారు మొదటి రోజే నేర్పాడు. ఫారాన్ని కాగితం మీదికి దింపుకొని, మిషన్ పేరు, మెమరీ, తెర కొలత, తెర సెట్టింగులు, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో నింపుకుంటూ పోయాడు. తొమ్మిదో గడి దగ్గర ఆగాడు. "మీ దగ్గరున్న ఎన్ని మిషన్లలో పరీక్షించారు? ఎన్నింటిలో ఇలా వచ్చింది?"

రెండో మిషన్‌లోకి సెట్టింగులు కాపీ చేశాడు. టక్కున పచ్చబడింది. ఉపేందర్ ఆనందానికి అంతు లేదు. అనుమానం నిజమైంది! కానీ ఎనిమిది ఉండగా రెండే పరీక్షించామని రాస్తే పైవాళ్లు ఏమనుకుంటారు? మిగతావి ఎందుకు చూడలేదని అడగరా? మూడోది కాపీ చేశాడు. నాలుగు. ఐదు. పన్నెండున్నరకు పిల్లలు అన్నాలు తిని ఇళ్లకు పోయేసరికి ఎనిమిదికి ఎనిమిదీ పచ్చబడ్డాయి. తొమ్మిదో గడిలో "ఎనిమిదింటికి ఎనిమిది" అని గర్వంగా రాసి, కింద సంతకం చేసి, ఫొటో తీసి పంపించాడు.

వెంటనే ప్రదీప్ ఫోన్ చేశాడు. "అన్నా! అన్నీ ఎందుకు చేసినవ్? ఒక్కదాంట్ల చూస్తే సరిపోతుండె గద!"

"గడి ఉంది గదా తమ్మీ..."

"పాత సెట్టింగులు పక్కకు పెట్టుకున్నవా?"

అట్లాంటి గడి ఫారంలో లేదు కాబట్టి ఉపేందర్ పెట్టుకోలేదు. పొద్దున ఒక్కటే పచ్చగా ఉండె, ఏడు తెల్లగా ఉండె. ఏ మూలకో తోసి గుడ్డ కప్పినా గండం గడిచేది. ఇప్పుడు తన చేతులారా ఏడింటికీ అంటించి, పైగా సంతకం చేసి ఫారం కూడా పంపాడు. ఆరేళ్లు ఈ గదిని కంటికి రెప్పలా చూసుకున్నది ఇందుకేనా అని అతనికి ఏడుపొచ్చింది. తమ్ముడికి ఫోన్ చేసి హెల్మెట్ సైజు చెప్పేద్దామా అని కూడా అనిపించింది.

అప్పుడే గేటు ముందు జీపులు ఆగాయి.

పెద్దసారు, వెనక పోశాలు, ఆ వెనక పన్నెండు మంది హెడ్మాస్టర్లు. లెక్కల టీచర్ జ్యోత్స్న మిర్చీల పళ్లెం పట్టుకొని గుమ్మంలో నిలబడింది. పెద్దసారు నల్లద్దాలతోనే గదిలోకి వచ్చాడు. నెలరోజుల కింద కంటి ఆపరేషన్ అయిందట. నేరుగా ఒకటో నంబరు ముందు కూర్చొని అద్దాలు తీశాడు. గది నిండా పసుపు వెలుగు. హెడ్మాస్టర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎనిమిది తెరలూ చూసి పోశాలు సారు అప్పుడే నోట్లో పెట్టుకున్న మిర్చీ అట్లాగే ఆగిపోయింది.

ఉపేందర్ చేతులు కట్టుకున్నాడు. అబద్ధమాడి కొలువు నిలబెట్టుకోవడం కన్నా నిజం చెప్పి బండి తోలుకోవడం నయమనుకున్నాడు.

"సార్..."

"ఆగు" అన్నాడు పెద్దసారు. తెర వైపే చూస్తున్నాడు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. "ఇది ఎవరు చేసిన్రు?"

"నేనే సార్. ఎనిమిదింటికీ నేనే చేసిన. ఎవ్వరి తప్పూ లేదు."

పెద్దసారు జేబురుమాలు తీసి కళ్లొత్తుకున్నాడు. రుమాలు చూసుకున్నాడు. పొడిగా ఉంది. "ఆపరేషనైన కాడికెల్లి ఏ తెర చూసినా కండ్లల్లకెల్లి నీళ్లు కారుతున్నయ్. అర నిమిషం చూడలేకపోతున్న. ఇది చూడున్రి, ఎంత సల్లగుందో!" ఆయన హెడ్మాస్టర్ల వైపు తిరిగాడు. "పిల్లల కండ్ల గురించి మీల ఒక్కరన్న ఆలోచించిన్రా? తండాల ఉండి ఇతను ఆలోచించిండు!"

పన్నెండు మందీ ఒక్కసారే తలలూపారు. పోశాలు సారు మిర్చీ మింగి, "నేనే ప్రోత్సహించిన సార్" అన్నాడు.

"సార్, అది కాదు సార్, ఇది..." అని ఉపేందర్ ఇంకేదో చెప్పబోయాడు.

"అంత అణకువ పనికిరాదయ్యా" అని పెద్దసారు కాగితం అడిగి తీసుకొని అక్కడికక్కడే సంతకం చేశాడు. ఏప్రిల్ నెలంతా జిల్లాలోని బళ్లన్నీ తిరిగి, ప్రతి కంప్యూటర్‌నూ ఇట్లాగే తయారుచేసే బాధ్యత కూడా అతనికే అప్పజెప్పాడు.

జీపుల దుమ్ము అణగకముందే ప్రదీప్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "నీ ఫారం చూస్తే దొరికిందన్నా! సెట్టింగులల్ల రాత్రి వెలుగు అని ఒక స్విచ్ ఉంటది. రాత్రిపూట కండ్లు గుంజకుండ తెరను పచ్చగ చేస్తది. మీ కాడ ఎవరో ఆన్ చేసి, సాయంత్రం ఆరుకు బదులు పొద్దున ఆరు పెట్టిన్రు. ఆఫ్ చెయ్, ఒక్క నొక్కుడు."

పక్కనుంచి చదివిన జ్యోత్స్న నాలుక కరుచుకుంది. "శనివారం మార్కులు ఎక్కిస్తుంటే కండ్లు మండుతున్నయని నేనే ఏదో నొక్కిన సార్. మాఫ్ చెయ్యున్రి."

ఉపేందర్ ఆ స్విచ్ వెతికి పట్టుకున్నాడు. దాని మీద వేలు కూడా పెట్టాడు. కాసేపు అట్లాగే ఉండి, జాగ్రత్తగా వేలు వెనక్కి తీసుకున్నాడు.

"మరి రేపటి సంది ఇవి చెడిపోతే ఎట్ల గుర్తుపట్టాలె సార్?" అని అడిగింది జ్యోత్స్న.

"తెల్లగైతే చెడిపోయినట్టు" అన్నాడు ఉపేందర్.

ఫోన్ మోగింది. గోరీ. పొద్దటి నుంచి ఎందరు దేవుళ్లకు మొక్కుకుందో, ఎత్తగానే అడిగింది.

"సంతకమైందా?"

"అయింది."

"సమ్మక్క కలిసింది, కంప్యూటర్ పాడైందని చెప్పింది. మరి బాగైందా?"

"కాలే. అందుకే అయింది."