సగటు పెంచిన గుండీలక్క

మాంద్యమంత ఉదారమైన యజమాని లోకంలో మరొకరు లేరని సగటు వేతనాభివృద్ధి శాఖ సగర్వంగా ప్రకటించింది. వ్యాపారం చతికిలబడిన ఏడాదే చొక్కాల కర్మాగారంలో సగటు జీతం ఆకాశాన్నంటింది మరి. (ఎవరి జీతమూ పెరగలేదు. అది వేరే శాఖ చూసుకోవలసిన విషయం.)

ఆర్డర్లు తగ్గగానే గుండీలు కుట్టేవాళ్లనూ దారాలు కత్తిరించేవాళ్లనూ ఇంటికి పంపేశారు. మేనేజరు, ఆయన సహాయకులు, కటింగు మాస్టరు మిగిలారు. చిన్న జీతాలన్నీ గేటు దాటడంతో సగటు దానంతటదే పైకి లేచింది.

శాఖాధికారి న్యాయం తెలిసిన మనిషి. ఈ ఘనత ఉన్నవాళ్లది కాదు, వెళ్లినవాళ్లదేనని తేల్చి, అందరికంటే తక్కువ జీతం తీసుకున్న గుండీలక్కను పిలిపించి సన్మానించాడు. మోకాళ్ల నొప్పితో ఆమె మెల్లగా వేదికెక్కి, ప్రశంసాపత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బాగానే ఉంది గానీ బాబూ, పనెప్పుడిస్తారు? ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవడం లేదు."

"తొందరపడకమ్మా. నువ్వు ఇంట్లో ఉన్నంతకాలం సగటుకి ఢోకా లేదు."

వెళ్తుంటే కటింగు మాస్టరు గొంతు తగ్గించాడు. "నీ స్టూలు మీద ఎవర్నీ కూర్చోనివ్వలేదక్కా. మెత్తగా ఉంటుందని గుడ్డపీలికలు కూడా పరిచా."

ఆ మాటతో ఆమె ఇంటిదాకా మోకాళ్ల సంగతే మరిచి నడిచింది.

తర్వాత మార్కెట్టు లేచింది. ఆర్డర్లు వెల్లువెత్తాయి. గుండీల్లేని చొక్కాలు గుట్టలు పడ్డాయి. గుండీలక్కను పిలుద్దామంటే శాఖ అడ్డుపడింది. ఆమె లోపలికొస్తే సగటు కిందికొస్తుంది. మంచిరోజులొచ్చి జీతాలు పడిపోయాయంటే నలుగురూ నవ్విపోరూ?

అధికారి బుర్ర బద్దలు కొట్టుకుని దారి కనిపెట్టాడు. కొత్త నిబంధన ప్రకారం ఆసనం ఉన్నవారే ఉద్యోగులు. నిలబడి ఉన్నవారు సందర్శకులు. సందర్శకులు లెక్కలోకి రారు. (వాళ్లు ఊసుపోక గుండీలు కుడితే శాఖ ఏమీ అనుకోదు. దారిఖర్చుల కింద పాత జీతమే, కాస్త తగ్గించి ఇస్తుంది.)

"మరి నా స్టూలు?" అంది గుండీలక్క.

"చిక్కంతా దాంతోనేనమ్మా. అది తీసేస్తే ఈరోజే రావచ్చు."

ఆమె మాస్టరు వైపు చూసింది. మాస్టరు తలెత్తకుండా, తళతళలాడుతున్న కత్తెరనే మళ్లీ తుడుస్తున్నాడు.

"సర్లే బాబూ, తీసెయ్యండి. ఆకలి కడుపుకి గానీ మోకాళ్లకి కాదుగా."

ఇప్పుడామె రోజూ గోడకానుకుని నిలబడి కుడుతోంది. సగటు చెక్కుచెదరలేదు. స్టూలు మీది గుడ్డపీలికలు తెచ్చి మాస్టరు ఆమె పాదాల కింద పరిచాడు.

అవి ఆసనం కిందికి వస్తాయేమోనని శాఖ పరిశీలిస్తోంది.