ఆకుపచ్చ గడిలో గార

భూమి పుట్టి నాలుగువందల యాభై కోట్ల ఏళ్లయినా, ఏ మూలకం ఎక్కడ ఉండాలో దానికి చెప్పే నాథుడు లేకపోయాడు. ఆ కొరతను ఈ ఏడాది భూపటల మూలకాల గణిత నమూనా విభాగం వారు తీర్చారు. ఇకమీదట ఇనుము, కాల్షియం, ఫ్లోరిన్ వగైరాలన్నీ విభాగం వారి సమీకరణం చెప్పిన చోటనే, చెప్పిన మోతాదులోనే ఉంటాయి. (అభ్యంతరం ఉన్న మూలకాలు గడువులోగా తెలియజేసుకోవాలి.)

విధానం సులువు. జీపులో వెళ్లి అక్కడక్కడా మట్టి, నీళ్లు పట్టుకొస్తారు. మధ్యలో మిగిలిపోయిన ఊళ్లకు ఇరుగుపొరుగును బట్టి లెక్క కడతారు. జీపు తారురోడ్డు దిగదు కాబట్టి, ఈ ప్రాంతంలో భూపటలం ముఖ్యంగా తారురోడ్డు వెంబడే పరుచుకుని ఉన్నట్టు తేలింది.

వీపనగండ్ల దాటి, తారు ఆగిపోయాక మట్టిబాట మీద వచ్చే గుండ్లబావి ఊరు విభాగం వారు గీసిన రంగు గడుల పటంలో ఆకుపచ్చ గడిలో పడింది. ఆకుపచ్చ అంటే నీళ్లు భేషైనవని. నీళ్లలో ఫ్లోరైడ్‌ను వడగట్టే యంత్రం ఎర్ర గడి ఊళ్లకే ఇస్తారు.

బడి గోడకు అంటించిన ఆ పటం చూసి పదో తరగతి యమున చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పిల్లకు అది అలవాటు. నవ్వొచ్చినా, ఏడుపొచ్చినా, హాజరు పలకాల్సి వచ్చినా చున్నీ నోటికే పోతుంది. ఊరి బోరు నీళ్లు తాగి పెరిగిన పిల్లలందరి పళ్లూ ఇటుక రంగువే. చెల్లె రజనికి మాత్రం ఇంకా పాలపళ్లు. అవి ఊడి కొత్తవి వచ్చేలోగా యంత్రం రావాలన్నదే యమున ఆశంతా.

ఇంటికొచ్చి నాయనమ్మ ఈదమ్మకు చెప్పింది.

"మన నీళ్లు మంచియంట అవ్వా."

"ఎవడు తాగి చెప్పిండే?"

"ఎవరు తాగలే. పక్క ఊర్లను జూసి లెక్క కట్టిన్రంట."

"పక్కింట్ల వండితే మనకు కడుపు నిండుతదా? ఆ లెక్కల సార్‌ను జర రమ్మను, నేను మాట్లాడ్త."

సర్పంచ్ చెన్నయ్య పది ఫోన్లు చేస్తే, విభాగం పరిశీలకుడు సుదర్శన్ సార్ వచ్చాడు. జీపు తారు మీద ఆపి, చెన్నయ్య బండి వెనక కూర్చుని ఈదమ్మ వాకిట్లోకి వచ్చాడు. యమున బోరు నీళ్లు సీసాలో పట్టి తెచ్చింది.

"సార్, నమూనా," అంది, చున్నీలోంచే.

"నమూనా మా ఆఫీసుల ఉందమ్మా, కంప్యూటర్ల," అన్నాడు సార్ ఓపికగా. "ఇవి వట్టి నీళ్లు. వీటిని కలిపితే మా నమూనా ఖరాబైతది."

ఈదమ్మ ఇక ఆగలేదు. "చున్నీ తియ్యే పిల్లా. సార్‌కు పళ్లు చూపియ్యి."

యమున నేలచూపులు చూసింది. ఇంటి లోపల పాలపళ్ల రజని ఏదో పాట పాడుకుంటోంది. అది విని యమున కళ్లు గట్టిగా మూసుకుని, చున్నీ తీసి నోరు తెరిచింది.

"చూడు సార్, గార! పిల్లలకు పళ్ల నిండ గార, నాకు మోకాళ్లు వంగవు. ఈ నీళ్లే గద!"

సుదర్శన్ సార్ నిజంగానే నొచ్చుకున్నాడు. వెంటనే ఫోన్‌లో యాప్ తెరిచాడు. అందులో పళ్లకు గడి లేదు. (పళ్లు భూపటలంలో భాగం కావు.) 'స్థలం' అన్న చోట, బోరు నీళ్లు చేరేది అందులోకే కనుక, 'నీళ్ల ట్యాంకు' అని, 'సమస్య' అన్న చోట, ఒక్క మాటే పడుతుంది కనుక, 'గార' అని కొట్టాడు.

యంత్రాంగం కదిలింది. వానలు వెలిసేసరికి ఊళ్లోకి లారీ వచ్చింది. యమున పుస్తకాలు పారేసి పరుగెత్తింది. లారీలోంచి సున్నం బస్తాలు, ఇసుక, తాపీలు, ఇద్దరు మేస్త్రీలు దిగారు. ట్యాంకుకు గార లేక ఊరు ఇబ్బంది పడుతోందని పై ఆఫీసుకు అర్థమైందట. (ఒక మాటకు రెండు అర్థాలుండడం తెలుగు తప్పు, విభాగానిది కాదు.)

"గార తియ్యమంటే గార పూస్తున్నరేందిరా!" అని ఈదమ్మ లారీకి అడ్డం నిలబడింది.

"ఊకో పెద్దమ్మా," అన్నాడు చెన్నయ్య. "వచ్చిందాన్ని ఎల్లగొడ్తే మల్ల ఏది రాదు. ట్యాంకన్న మంచిగైతది."

రెండు పూతల గార పూసి, పైన సున్నం కొట్టారు. సుదర్శన్ సార్ మళ్లీ వచ్చి, యాప్‌లో 'సమస్య పరిష్కారం' అన్న గడిలో ఫొటో పెట్టడానికి పిల్లలను ట్యాంకు ముందు నిలబెట్టాడు.

"అందరు నవ్వాలె!"

పిల్లలంతా అలవాటుగా పెదవులు బిగించారు. రజని ఒక్కతే నోరంతా తెరిచింది. ముందు పన్ను ఊడిన చోట కొత్తది అప్పుడే మొలుస్తోంది. అది ఏ రంగో ఇంకా తెలియదు. యమున తన చున్నీ చివర తీసి, ముందుజాగ్రత్తగా చెల్లె నోటికి అడ్డం పెట్టింది.

ఫొటో చాలా స్పష్టంగా వచ్చింది. ట్యాంకు తెల్లగా నవ్వుతోంది.