గోవిందరావు గారి త్రాసులో దేశం

దేశానికి తుపాకీ ఎంత అవసరమో, పించను ఎంత అవసరమో కచ్చితంగా తేల్చగల సాధనం ఈ భూమ్మీద ఒక్కటే ఉంది. అది మా ఊరి కిరాణా కొట్టు త్రాసు. ఈ సత్యాన్ని మొన్న మంగళవారం సమతూకాభిప్రాయ సేకరణ విభాగం మా ఊళ్ళో నిరూపించింది. (అలాంటి విభాగం ఒకటుందని మాకు తెలియదు. అక్కడ పనిచేసేవాళ్ళకీ ఈ మధ్యనే తెలిసిందట.)

శృంగవరపుకోట నుంచి ఆటోలో దిగిన ప్రత్యేకాధికారి చంద్రమౌళి గారు మొదట యాప్‌తోనే పని కానిచ్చేద్దామనుకున్నారు. కానీ అందులో 'రక్షణ' అన్న మీట మాత్రమే పనిచేస్తోంది. 'సంక్షేమం' నొక్కితే సర్వర్ బిజీ. అందుకని కొట్టు గోవిందరావు గారి పెద్ద త్రాసు పంచాయతీ ఆఫీసులో వేలాడదీయించి, సరిగ్గా నడిమధ్య తెర కట్టించారు. ఎడమ పళ్ళెం రక్షణది, మైకు ముందుంటుంది. కుడి పళ్ళెం సంక్షేమానిది, తెర వెనక ఉంటుంది. మనిషికి రెండు చింతపిక్కలు. ఎటు వేసుకున్నా పౌరుడి ఇష్టం.

ఆ త్రాసు ఖాళీగా ఉన్నప్పుడే ఎడమకి మొగ్గుతుందని ఊరందరికీ తెలుసు. గోవిందరావు గారు ఊరందరికీ అరువు పెడతారు గనక ఎవరూ నోరు మెదపలేదు. చంద్రమౌళి గారు మాత్రం ఆ వాలు చూసి, ఇక్కడి జనంలో దేశభక్తి పుట్టుకతోనే ఉందని రాసుకున్నారు.

మొదటి పిక్క గోవిందరావు గారిదే. "ఉచితాలిచ్చి ఇచ్చి జనాల్ని సోమరిపోతుల్ని సేసేసినారండి! పించన్లన్నీ ఆపేసి ట్యాంకులు కొనాల!" అని మైకు అదిరిపోయేలా అన్నారు.

"మరి మీవోణ్ణి ఆర్మీకి పంపరేటి సావుకారూ?" అన్నాడు వరుసలో నిలబడ్డ రైతు నూకయ్య.

"ఆడికి కొట్టుంది కద్రా!"

సబబైన జవాబే. నూకయ్యతో సహా అందరూ చప్పట్లు కొట్టారు. గోవిందరావు గారు ఎడమ పళ్ళెంలో ఒక పిక్క వేసి, ఫొటో దిగి, తెర వెనక నుంచి బయటికి నడిచారు. అటువైపు టక్కుమని చప్పుడైంది. (మేడ మీద ఉండే వాళ్ళమ్మగారికి విడిగా రేషన్ కార్డుంది, పించనూ వస్తోంది. ఒకే ఇల్లయినా మెట్లు వేరు.) ఆ తరవాత ఊరు ఊరంతా అదే పద్ధతి పాటించింది. మైకు ముందు జైహింద్, తెర వెనక టక్కు. ఈ రెండింటికీ పన్ను ఎవరు కడతారన్న ప్రశ్న కూడా ఉందిగానీ, త్రాసుకి మూడో పళ్ళెం లేక అడగలేదు.

చివర్లో లక్ష్మణమ్మ వచ్చింది. ఆరు నెలలుగా వితంతు పించను ఆగిపోయి, బీపీ మందులు రోజు మార్చి రోజు వేసుకుంటున్న మనిషి. ఆమె మైకు వైపు చూడనైనా చూడకుండా తెర పక్కకి లాగేసి, అందరి ఎదుటా రెండు పిక్కలూ కుడి పళ్ళెంలోనే వేసింది.

"ఏటమ్మా, దేశమంటే లెక్కనేదేటి?" అన్నారు గోవిందరావు గారు.

"దేశానికి నా కొడుకునే ఏసేసినాను కద బాబూ, ఇంక పిక్కెందుకు? ఇయి నా మందులకి."

చంద్రమౌళి గారు ఫోనులో ఆమె వివరాలు చూశారు. "మీ ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉన్నాడమ్మా. అందుకే పించను ఆగింది."

"ఇంట్లో ఎక్కడున్నాడు బాబూ? కొండల మీద మంచులో ఉన్నాడు. ఆడి జీతం ఆడి పిల్లల సదువులకే సాలట్నేదు."

"మంచులో ఉన్నా కార్డులో మీ ఇంట్లోనే ఉన్నాడు. మీ ఇంటి నుంచి దేశానికి సైనికుడు వెళ్ళాడు కాబట్టి, దేశం నుంచి మీ ఇంటికి పించను రాదు. సమతూకం అంటే ఇదేనమ్మా."

ఇంత చక్కగా ఎవరూ చెప్పలేదు. నాకైతే ఒళ్ళు మండిపోయింది, కానీ గోవిందరావు గారు చప్పట్లు కొడితే నేనూ కొట్టాను. నాకూ ఆ కొట్లో అరువుంది. చంద్రమౌళి గారు పొరపాటున పడ్డ ఆ రెండు పిక్కల్నీ తీసి ఎడమ పళ్ళెంలోకి మార్చారు. అక్కడికక్కడే ఆమెని వీరమాతగా ప్రకటించి, జరీ అంచు శాలువా కప్పి, ఫొటో తీయించారు.

లక్ష్మణమ్మ ఆ శాలువాని చేత్తో తడిమింది. "మెత్తగా ఉన్నాది బాబూ. మావోడికి పంపుతాను. అక్కడ సలంట."

చంద్రమౌళి గారు శాలువాని మర్యాదగా వెనక్కి తీసుకుని, మడతలు చెరగకుండా బ్యాగులో పెట్టుకున్నారు. మర్నాడు బొబ్బిలిలో ఇంకో వీరమాత ఉందట.