తడవకూడని పడవ

లోకంలో ప్రతి వస్తువుకూ ఒక న్యాయమైన ధర ఉంటుంది. ఆ ధర అమ్మేవాడికి తెలియదు, కొనేవాడికి తెలియదు. ఆ వస్తువుతో ఏ సంబంధమూ లేనివాడికి మాత్రమే తెలుస్తుంది. ఈ సత్యం కనిపెట్టబట్టే మన పెద్దలు పాత పడవల న్యాయధర నిర్ధారణ కార్యాలయం స్థాపించారు. అందులో పనిచేసే పదకొండు మందిలో ఒక్కరికీ ఈత రాదు. (ఎవరి పక్షమూ వహించకుండా ఉండాలంటే అది తప్పనిసరి.)

నేను ఐదో తరగతిలోనే బడి మానేసినవాణ్ణి. అందుకని పడవ ధర పడవ నడిపేవాళ్లు తేల్చుకుంటారని చాలాకాలం అమాయకంగా నమ్మాను. ఇరవై ఆరేళ్లు వల లాగిన కుడి భుజం ఈ ఏడాది పైకి లేవనంది. నాకున్నది ఒకటే పడవ, ఇరవై నాలుగు అడుగుల చెక్క పడవ. దాన్ని నా ఆవిడ తమ్ముడు కొంటానన్నాడు. వాడి పడవ పోయిన సీజన్లో రాళ్లకి కొట్టుకుని ముక్కలైంది. వాడు అడిగింది ఏటా వేట ఆపేసే రెండు నెలల విరామం మొదలైన మూడో రోజు. విరామం అయ్యేలోపు పడవ వాడి పేరు మీదికి మారాలి. మారేదాకా వాడికి వేట పర్మిట్ రాదు. పర్మిట్ రాకపోతే ఆ ఏడాది ఇంట్లో పొయ్యి ఎవరి దయ మీద వెలగాలో వెతుక్కోవాలి.

బామ్మర్ది వచ్చి మోకాలిలోతు నీళ్లలో పడవ చుట్టూ ఒకసారి తిరిగాడు. రంగు వైపు చూడనైనా చూడలేదు. చెక్కల మీద వేళ్ల కణుపులతో తట్టి చెవి పెట్టాడు. అతుకుల్లో కుక్కిన దూదిని గోటితో గీరాడు. ఆఖరికి పడవ అడుగున నిలిచిన నీళ్లలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఇది మాలో అందరూ చేసే పరీక్షే. ఉప్పగా ఉంటే అడుగునుంచి సముద్రం లోపలికి వస్తోందని అర్థం. చప్పగా ఉంటే అది పైనుంచి పడిన వాన.

"మంచినీళ్లే బావా," అన్నాడు. "లక్షా అరవై ఇస్తా."

"రెండు లక్షలు."

"మా అక్కనిచ్చాం కదా నీకు. అది లెక్కలోకి రాదా?"

"అది కూడా లెక్కేస్తే రెండున్నర అవుతుంది."

ఒడ్డునే ఉన్న మా ఇంటి గుమ్మంలో నిలబడి వింటున్న నా ఆవిడ, "ఈ పూట ఇద్దరూ ఆ పడవలోనే వండుకుని తినండి," అని లోపలికి పోయింది. మేం భయపడి లక్షా ఎనభై దగ్గర ఆగాం. పడవ అంచు మీద వాడొక చెయ్యి, నేనొక చెయ్యి వేశాం. గ్లాసుల్లో టీ ఇంకా వేడిగానే ఉంది.

ఇంత తొందరపాటు పనికిరాదని మర్నాడు న్యాయధర కార్యాలయంలో మూడో కిటికీ దగ్గర తెలిసింది.

"కొనే అతను మీకేమవుతాడు?" అని అడిగాడు కిటికీ వెనక గుమాస్తా.

"బామ్మర్దండి."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అయితే ఇది అనుమానించదగిన అమ్మకం."

నియమాన్ని ఆయన నాకు ఓపిగ్గా వివరించాడు. బావ బామ్మర్దికి ఎక్కువ ధరకు అమ్మితే అది మోసం. తక్కువకు అమ్మితే పన్ను ఎగవేత. సరైన ధరకు అమ్మితే ఇద్దరూ ముందే కూడబలుక్కున్నారన్నమాట. ఈ మూడు నేరాల నుంచీ పౌరుణ్ణి కాపాడటానికే న్యాయధర ధ్రువపత్రం.

దరఖాస్తు కంప్యూటర్లో నింపాలి. ఆ ఫారం మొదట పాత బళ్ల కోసం తయారు చేసిందట.

"చక్రాలెన్ని?"

"పడవండి. చక్రాలుండవు."

"సున్నా వేస్తే ముందుకెళ్లడం లేదు. కనీసం రెండు వెయ్యాలి."

"వెయ్యండి అయితే."

"నేను వెయ్యకూడదు. మీరు చెప్పాలి."

"రెండు చక్రాలున్నాయండి," అని చెప్పాను. నా జీవితంలో ప్రభుత్వానికి చెప్పిన మొదటి అబద్ధం అది. కంప్యూటర్ దాన్ని ఆకుపచ్చ రంగుతో ఆమోదించింది.

తరవాతిది పరీక్ష. పడవ నీళ్లలో ఉంటే నీటి బరువు ధరలో కలిసిపోయి కొనేవాడికి అన్యాయం జరుగుతుంది. కాబట్టి పడవను ఒడ్డుకు లాగి, చెక్కలో తేమ పన్నెండు శాతానికి దిగేదాకా ఎండబెట్టాలి. దీనికోసం ధాన్యం శాఖ నుంచి ఒక తేమ అధికారిని డిప్యుటేషన్ మీద తెచ్చారు. ఆయనతోపాటు ధాన్యం బస్తాల్లో గుచ్చే పరికరం కూడా వచ్చింది. అదీ డిప్యుటేషన్ మీదే.

పన్నెండు మందిని బతిమాలి పడవ ఒడ్డెక్కించాం. ఆయన ఒక చెక్కలో పరికరం గుచ్చి, "ముప్పై ఒకటి," అన్నాడు. "ఎండనివ్వండి. గురువారం గురువారం వస్తాను."

చెక్క పడవ సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. అది నీళ్లు తాగి బలిసి ఉంటేనే చెక్కా చెక్కా కరుచుకుని అతుకు మూసుకుంటుంది. ఎండితే చెక్క కుంచించుకుపోయి అతుకులు నోళ్లు తెరుస్తాయి. ఈ మాటే నేను తేమ అధికారికి చెప్పాను.

"ధాన్యం అమ్మే రైతులూ మొదట్లో ఇలాగే గొడవ చేశారు," అన్నాడాయన ప్రేమగా. "తరవాత అలవాటు పడ్డారు."

"ధాన్యం మళ్లీ నీళ్లలోకి దిగదు కదండీ."

"అది ధాన్యం ఇష్టం."

ఇంటికెళ్లి చెబితే నా ఆవిడ అంది: "పడవని ఎండబెట్టి ధర కడతారా? రేపు చేపని ఎండబెట్టి ఈత చూస్తారేమో, అదీ కనుక్కుని రా."

అప్పటినుంచి రోజూ సాయంత్రం బామ్మర్ది వచ్చి, ఇంట్లో రోగికి జ్వరమెంతుందని అడిగినట్టు అడిగేవాడు.

"ఎంతకొచ్చింది బావా?"

"ఇరవై ఏడు."

"అతుకులో?"

"గోరు పడుతోంది."

రెండో వారానికి ఇరవై రెండుకు దిగింది, అతుకులో రూపాయి బిళ్ల పట్టింది. వాడికి పడవ నడిపే ముగ్గురు మనుషులున్నారు. ముగ్గురికీ మాటిచ్చాడు. వాళ్లు వచ్చి పడవను చూసి, వాణ్ణి చూసి వెళ్లేవాళ్లు.

ఇక ఆగలేక నేనూ నా ఆవిడా వారం రోజులపాటు పొద్దున్నే బిందెలతో నీళ్లు పోసి, గోనెసంచులు తడిపి పడవ మీద కప్పాం. గురువారం పరికరం ముప్పై నాలుగు చూపించింది. తేమ అధికారి ముఖంలో మొదటిసారి బాధ కనిపించింది.

"ఇది కృత్రిమ తేమ," అన్నాడు. "ఒక వస్తువులో లేని గుణం ఉన్నట్టు చూపించడం."

"నీళ్లలో ఉండటం పడవ గుణమే కదండీ."

"నా కెరీర్లో ఇసక కలిపిన ధాన్యం చూశాను. నీళ్లు కలిపిన పడవ చూడటం ఇదే మొదలు."

పడవ చుట్టూ తాడు కట్టి లక్క సీలు వేశారు. ఎవరూ తడపకుండా ఒక కావలివాణ్ణి పెట్టారు. అతని ఉద్యోగం పేరు తేమ కావలి. పాపం మంచివాడే. ఎండకి తాళలేక పైన ఒక గోనెపట్టా కట్టుకుని పడవలోనే పడుకునేవాడు. క్యారేజీ లంగరుకి తగిలించేవాడు, చొక్కా తెడ్డు మీద ఆరేసుకునేవాడు. నేను దగ్గరికెళ్తే లేచి, "ఉమ్మెయ్యకండి బాబూ, తడి," అనేవాడు.

ఇలా ముప్పై రోజులు గడిచాయి. ముప్పై రోజులు కదలకుండా ఒకేచోట ఉండి, అందులో మనిషి నిద్రపోతూ ఉంటే అది స్థిరాస్తి అవుతుందని అప్పటిదాకా నాకు తెలియదు. ఇంటిపన్ను కొలతలవాడు టేపుతో వచ్చాడు.

"గదులెన్ని?" అని కావలివాణ్ణి అడిగాడు.

"ఒకటే బాబూ. ముందువైపు కొంచెం సన్నం."

"గాలి?"

"అబ్బో. అతుకుల్లోంచి కూడా వస్తుంది."

'గాలి, వెలుతురు పుష్కలం. సముద్రం కనిపిస్తుంది' అని రాసుకుని, పడవ ముక్కు మీద తెల్లరంగుతో ఇంటి నంబరు వేసి వెళ్లాడు. మా వీధిలో నంబర్లు లేని ఇళ్లు పదహారున్నాయి. వాటిలో మనుషులుంటారు గానీ, కావలివాళ్లుండరు.

అతుకులో చూపుడువేలు పట్టే రోజుకి తేమ పన్నెండుకి దిగింది. అప్పుడు నిపుణుల సంఘం వచ్చింది. ముగ్గురు పెద్దమనుషులు. ఒకాయన పాత ఫర్నిచర్ ధరల్లో నిపుణుడు, రెండో ఆయన భూముల ధరల్లో, మూడో ఆయన ఫలానా దాంట్లో అని లేదు, మొత్తంగా నిపుణుడు. వాళ్లు పడవ చుట్టూ తిరిగి దరఖాస్తు తీసి చూశారు.

"రెండు చక్రాలన్నారు. కనబడటం లేదే?" అన్నాడు ఫర్నిచర్ ఆయన.

నేను నిజం చెప్పబోయాను. సంఘంతోపాటు వచ్చిన మూడో కిటికీ గుమాస్తా నా కాలు తొక్కాడు. "పోయాయండి," అన్నాను. నా రెండో అబద్ధం.

పోయినట్టు పోలీసు కాగితం కావాలన్నారు. స్టేషన్లో రైటర్ చాలా శ్రద్ధగా రాసుకున్నాడు.

"ఎలాంటి చక్రాలు?"

"గుండ్రంగా ఉంటాయండి."

"ఎవరి మీదైనా అనుమానం?"

"లేదండీ."

"కొనేది బామ్మర్ది అంటున్నావు. ఉందనే రాస్తున్నాను."

బామ్మర్దిని పిలిచి ఒక పూట కూర్చోబెట్టారు. సాయంత్రం వచ్చి నా పక్కన కూలబడ్డాడు. "చక్రాలు ఎక్కడ దాచావురా అంటారేంటి బావా," అన్నాడు. "వల వేస్తే దొరుకుతాయేమో అని చెప్పొచ్చాను." ఆ రోజు తేమ ఎంతో కూడా అడగలేదు.

ఈలోగా వేట విరామం ముగిసింది. తెల్లారేసరికి పడవలన్నీ ఒకదాని వెనక ఒకటి వెళ్లిపోయాయి. ఒడ్డున మిగిలింది ఇంటి నంబరున్న పడవ ఒక్కటే. బామ్మర్ది మనుషులు ముగ్గురూ వేరే పడవలెక్కారు. వాళ్లను తప్పుపట్టలేం, వాళ్లకీ కడుపులున్నాయి. మూడు రోజులు చూసి, నాలుగో రోజు వాడూ ఒకరి పడవలో కూలికి వెళ్లాడు. పద్దెనిమిదేళ్లు సొంత పడవకి యజమానిగా ఉన్నవాడు తిరిగొచ్చి, ఆ రోజు కూలి అక్క చేతిలో పెట్టి, "దాచు అక్కా. పడవ రాగానే పనికొస్తుంది," అన్నాడు. నా ఆవిడ ఆ రోజు ఎవరి మీదా జోకు వెయ్యలేదు.

తొమ్మిది రోజుల తరవాత ధ్రువపత్రం వచ్చింది. చక్రాలు లేనందుకు తగ్గించి, కృత్రిమ తేమకు జరిమానాగా మరికొంత తగ్గించి, నివాసయోగ్యత కలిపి, సముద్రం కనిపిస్తున్నందుకు కలిపి, సంఘం తేల్చిన న్యాయమైన ధర అక్షరాలా లక్షా ఎనభై వేలు.

కార్యాలయం పెద్దాయన కుర్చీలోంచి లేచి మరీ నా చెయ్యి పట్టుకున్నాడు. "చూశారా! మీరిద్దరూ టీ తాగుతూ ఏదో నోటికొచ్చింది అనుకున్నారు. మేం రెండు నెలలు కష్టపడి అది సరైనదని నిరూపించాం."

బామ్మర్ది పేరు మీదికి పడవ దానంతటదే మారిపోయింది. (ఈ ఒక్క పనీ అడక్కుండా జరిగింది.) కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఒక షరతుంది. నాకు చదువు తక్కువ కాబట్టి కూడబలుక్కుని చదివాను. పడవలో తేమ పన్నెండు శాతం దాటితే ధ్రువపత్రమూ, పేరు మార్పిడీ, వేట పర్మిట్టూ మూడూ రద్దవుతాయి. మళ్లీ మూడో కిటికీ నుంచి మొదలుపెట్టాలి.

"సార్, ఇది పడవ," అన్నాను.

ఆయన కాగితం తీసుకుని జాగ్రత్తగా చూశాడు. "అవును," అన్నాడు. "పడవ అనే రాశాం."

బేరం వదిలెయ్యమని బామ్మర్దికి చెప్పాను. వాడు వినలేదు. "ఆ అంచు మీద చెయ్యి వేశాను బావా. వారం రోజులు నీళ్లలో ముంచి ఉంచితే చెక్క మళ్లీ బలుస్తుందేమో."

"ముంచితే పర్మిట్ పోతుందిరా."

"మరి ముంచకపోతే?"

దానికి ఫారంలో గడి లేదు. ఇద్దరం ఆలోచిస్తూ కూర్చున్నాం. ఆలోచన తెగకముందే, రెండో రోజు మధ్యాహ్నం వాన వచ్చింది.

ఇద్దరం టార్పాలిన్ తీసుకుని పరిగెత్తాం. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నీళ్లలో బతికినవాళ్లం, చెరో పక్కా నిలబడి పడవ తడవకుండా టార్పాలిన్ పట్టుకున్నాం. నా కుడి చెయ్యి భుజం ఎత్తు దాటడం లేదు, అందుకని నా వైపు వాలిపోయింది. అప్పుడే వేటనుంచి తిరిగొచ్చిన పడవలోంచి ఎవడో, "ఏరా, వలలకి గొడుగులు కూడా కొన్నారా?" అని అరిచాడు. గాలికి టార్పాలిన్ ఎగిరిపోయింది. ఇంకా అక్కడే కాపలా ఉన్న తేమ కావలి, చొక్కా లోపల దాచుకున్న పుస్తకం తీసి, టైము చూసుకుని, 'వాన' అని రాసుకున్నాడు.

పడవలో వాన నిలవలేదు. పైనుంచి పడింది పడినట్టే అతుకులన్నిట్లోంచీ ఇసకలోకి కారిపోయింది. బామ్మర్ది చాలాసేపు చూశాడు. తరవాత అలవాటుకొద్దీ పడవ కింద అరచెయ్యి పట్టి, నిండిన నీళ్లలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు.

"మంచినీళ్లే బావా," అన్నాడు.

అంటే పడవలోకి సముద్రం ఒక్క చుక్క కూడా రావడం లేదు. ధర న్యాయమైనదే.