అడ్వాన్సులో పట్టుకో

ఆ సోమవారం పొద్దున సిద్దప్ప వేసుకున్న ప్లాను చాలా చిన్నది. రెండు జాకెట్లు కుట్టేయాలి, ఓనరు కదిరప్ప వస్తే బాడుగ చేతిలో పెట్టాలి, మధ్యాహ్నం కాసేపు కునుకు తీయాలి. పుంగనూరు బస్టాండు పక్కన కదిరప్ప కట్టించిన అయిదు గదుల్లో అతని టైలరు అంగడి మూడోది.

తాళం తీస్తూనే పక్కకు చూశాడు. నల్లప్ప పంక్చరు షాపు ముందు బ్యాంకు జీపు ఆగి ఉంది. నల్లప్ప టైరు విప్పుతుంటే, కిందికి దిగిన ఆఫీసరు నడుం మీద చేతులు పెట్టుకుని బిల్డింగును పైదాకా చూశాడు.

"ఇది ఎవరిదండీ?" అన్నాడు. నల్లప్ప కదిరప్ప పేరు చెబితే, కాగితం మీద రాసుకుని వెళ్ళిపోయాడు.

ఇక సిద్దప్పకు కత్తెర ఆడలేదు. కదిరప్ప ఈ గదులు బ్యాంకు అప్పుతోనే కట్టాడు. జప్తు చేస్తే తన నలభై వేల అడ్వాన్సు ఏమైపోతుంది? అది భార్య సుశీలమ్మ గాజులు అమ్మి ఇచ్చిన డబ్బు. దానికి కాగితం కూడా లేదు. ఆ బజార్లో కాగితం అడగడమంటే ఓనరు ముఖాన్నే నిన్ను నమ్మనని చెప్పడం.

విషయం వినగానే సుశీలమ్మ తేల్చేసింది. "బాడుగ ఈయొద్దు. అడ్వాన్సులో పట్టుకోమని సెప్పు. అడ్వాన్సు తీరేదాకా ఈడనే కూసుంటే నా గాజులు వచ్చినట్టే."

సిద్దప్ప ఈ రహస్యాన్ని నల్లప్పకు మాత్రమే చెప్పాడు. "ఎవురికీ సెప్పొద్దప్పా" అని మరీ చెప్పాడు కాబట్టి, సాయంత్రానికి అయిదు అంగళ్ళకూ తెలిసిపోయింది.

కదిరప్ప వచ్చాడు. అయిదుగురూ ఒకే మాట అన్నారు. "అడ్వాన్సులో పట్టుకోప్పా."

ఆ బజార్లో గది ఖాళీ చేయబోయేవాడు అనే మాట అది. అందరూ ఒక్కసారే వెళ్ళిపోతున్నారని కదిరప్ప బెంబేలెత్తి, మర్నాడే సోమల ఊరి నుంచి కొత్తగా బాడుగకు దిగేవాళ్ళను తెచ్చి గదులు చూపించాడు. వాళ్ళు టేపుతో కొలిచారు. బ్యాంకు ఆస్తిని కొనేవాళ్ళు వచ్చేశారనుకుని సిద్దప్ప షట్టరుకు రెండో తాళం వేశాడు. నల్లప్ప మూడోది కూడా వేశాడు. ఆ తాళాలు చూసి, ఇక్కడేదో గొడవ ఉందని సోమల వాళ్ళు మళ్ళీ రాలేదు.

బాడుగ అడ్వాన్సులో తరుగుతూ ఏడాది గడిచింది. ఒకరోజు పొద్దున షట్టరు మీద నిజంగానే వేలం నోటీసు కనిపించింది. సిద్దప్ప బ్యాంకుకు పరుగెత్తాడు. అక్కడ ఆ ఆఫీసరే ఉన్నాడు.

"నేను ముందే అనుకున్నా సార్. పోయినేడు మీరొచ్చి పేరు రాసుకున్నప్పుడే."

"అదా? నాకు అప్పుడే ఇక్కడికి ట్రాన్స్‌ఫర్ అయింది. పైన గది అద్దెకు దొరుకుతుందేమోనని అడిగాను. జీపుకు పంక్చరైతే అక్కడ ఆగాం."

"మరి ఈ వేలం?"

"అప్పటిదాకా కదిరప్పగారు అప్పు కంతు ఒక్కటి కూడా కట్టడం తప్పలేదు. బాడుగలు ఆగిపోయాక కట్టలేకపోయారు. పాపం."

మదనపల్లె ఆసామి ఒకాయన ఆ గదులను వేలంలో పాడుకున్నాడు. పాత అడ్వాన్సు గురించి అడిగితే, "ఇచ్చినోళ్ళనే అడుక్కోండప్పా. ఈడ ఉండాలంటే నాకు కొత్తది ఈయాల" అన్నాడు.

మర్నాడు కదిరప్పే అంగడికి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు.

"మిగిలిన అడ్వాన్సు నా మీద ఉండాది సిద్దప్పా. సేను అమ్మైనా ఇస్తా, కొంచెం టైము ఈయప్పా. ఒకటి మాత్రం సెప్పు. మీరంతా ఒకేతూరి ఖాళీ సేస్తామని యాల అన్నారు? నా తట్టు తప్పేముండాది?"

సిద్దప్ప తల ఎత్తలేకపోయాడు. మునిగిపోతాడని భయపడి ఆ మనిషిని తామే ముంచారు. ఆ సంగతి చెప్పాలనే నోరు తెరిచాడు. కానీ సిగ్గేసి, "కూసోప్పా, టీ తెప్పిస్తా" అన్నాడు.

ఇంత వ్యవహారంలో పైకం పూర్తిగా చేతికి అందినవాడు నల్లప్ప ఒక్కడే. ఆ రోజు బ్యాంకు జీపు పంక్చరుకు పదిహేను రూపాయలు.