కుర్చీ ఏడ్చిన పాట

ముసలితనంలో నేర్చిన అక్షరాలు. ఒత్తులు జారినా, కథ నెమ్మదిగా నడిచినా చదివేవారు మన్నించాలి.

మన హాస్యరంగానికి పేరడీ చక్రవర్తి గారు చేసిన సేవ అందరికీ తెలిసిందే. ఎవరో కష్టపడి కట్టిన ప్రేమపాట బాణీ తీసుకుని, అందులోంచి ప్రేమను తీసేసి, ఆ ఖాళీలో తన భార్యను కూర్చోబెట్టడం ఆయన కనిపెట్టిన కళ.

"నడిచొచ్చె నా రాణి, నేలంతా మూలిగింది;
కూర్చుంది నా రాణి, కుర్చీయే ఏడ్చింది!"

'కుర్చీ' అనగానే లైటతను వెలుగును ముందు వరుసలో ఉన్న ఆమె మొహం మీదికి తిప్పేవాడు. హాలు విరగబడి నవ్వేది. అందుకని ప్రతి సభకూ ఆమెను వెంటబెట్టుకు వస్తానని నిర్వాహకులు ఆయన దగ్గర ముందే మాట తీసుకునేవారు.

తొలి రోజుల్లో ఒక చిన్న ఇబ్బంది ఎదురైంది. ఆమె పుల్లలా ఉండేది. "పాటకు తగ్గ మనిషి కాదండీ" అని కార్యదర్శి విచారించాడు. చక్రవర్తి గారు పాట మార్చుకునే రకమా! భార్య ఒంటికి, బట్టల లోపల, మూడు తువ్వాళ్ళు చుట్టించారు. ఎండాకాలం సభల్లో ఆమె చెమటతో ముద్దయ్యేది. సిగ్గుతో మెరిసిపోతున్నదని పత్రికలవారు రాశారు.

ఆమె నోరెత్తలేదు. ఎంత సరదా మనిషో అని అందరూ మెచ్చుకున్నారు.

ఒకనాడు కూతురు బడినుంచి వచ్చి సంచి మూలకు విసిరింది.

"అమ్మా, నేను బెంచీ మీద కూర్చోబోతే చాలు, అందరూ ఏడుపు గొంతు పెడుతున్నారే. రేపట్నుంచి నిలబడే పాఠం వింటాను."

ఆమె తువ్వాళ్ళు మూడూ ఉతికి ఆరేసింది. ఆ సాయంత్రమే చక్రవర్తి గారికి ఘన సన్మానం.

"ఇంకా తయారవలేదేమే?"

"నేను రానండీ."

"సరదాకన్నదానికి ఇంత రాద్ధాంతమా? నీకు హాస్యం తెలీదు."

"తెలీదండీ. ఇన్నేళ్ళూ దానికి వండిపెట్టాను, అయినా తెలీలేదు."

సభలో జరిగింది మర్నాడు లైటతను వచ్చి చెప్పాడు. అధ్యక్షులవారు 'ఎవరినీ నొప్పించని హాస్యం' గురించి సుదీర్ఘంగా ప్రసంగించారు. చక్రవర్తి గారు పాడారు. లైటు తిరిగింది. ఖాళీ కుర్చీ. ఎవరో దగ్గారు. ఆయన మళ్ళీ ఎత్తుకున్నారు. పాటలో నవ్వన్నది లేదని అప్పుడు బయటపడింది.

అధ్యక్షులవారు మైకు లాక్కున్నారు. "కళ ఆగరాదు! సభలో ఇందరు సోదరీమణులున్నారు. సరదాకే కదా, ఒక్కరు వచ్చి ఆ కుర్చీలో కూర్చోండి!"

మగవారంతా చప్పట్లు కొట్టారు. ఆనక ప్రతివాడూ పక్కవాడి భార్య వైపు చూశాడు. అధ్యక్షులవారి సతీమణి తను కూర్చున్న కుర్చీని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నారు.

ఎవరి మీద ఆపాలో తోచక లైటతను వెలుగును హాలంతా తిప్పాడట. అది మీద పడినవాళ్ళెవరూ నవ్వలేదట. తాము చీకట్లో ఉన్నంతసేపూ ఆ పాట మంచి హాస్యమే.

ఆ పాటను మళ్ళీ ఎవరూ పాడించలేదు. కూతురు బడిలో కూర్చోవడానికి మాత్రం ఇంకో ఏడాది పట్టింది.

— ఆ కుర్చీలో మనిషి. వయసు డెబ్బై రెండు. ఇప్పుడు ఉంటున్నది కూతురింట్లో. లైటు స్విచ్చి మంచం పక్కనే, నా చేతికి అందుతుంది.