భవానీదేవి బిస్కెట్ల డబ్బా

కొత్తపేటలో వైద్య సదుపాయాలు చాలవని గిట్టనివాళ్ళు అంటారు. భవానీదేవి వంటింటి గూట్లో బిస్కెట్ల డబ్బా ఉన్నంతకాలం ఆ మాటలో నిజం లేదు. వీధిలో ఎవరి ఒళ్ళు వెచ్చబడినా, గొంతు గరగరలాడినా అందులోంచే మందు. డాక్టరు వారానికి రాసిన మాత్రలు రెండ్రోజులు మింగి, జ్వరం దిగగానే మిగతావి దాచడం ఆ ఇంటి ఆచారం. తగ్గిపోయాక కూడా మింగుతూ కూర్చోవడం స్వార్థం కదా! ఇరుగుపొరుగు కోసం మిగల్చాలి. మస్కట్ నుంచి మేనకోడలు సత్యదుర్గ పంపిన ఎర్ర గొట్టం మాత్రలు మాత్రం అల్లుళ్ళకీ, ఎదురింటి సుబ్బరాజుగారి లాంటి పెద్దమనుషులకీ.

అలాంటి ఇంటి యజమాని పెదబాబుకి రొయ్యల చెరువులో కాలు తెగి, పుండుపడి, జ్వరం తగిలింది. భవానీదేవి డబ్బా మూత తీసింది. పొద్దున తెల్లబిళ్ళ, మధ్యాహ్నం పచ్చబిళ్ళ. అప్పటికీ దిగకపోతే, భర్త మాత్రం అల్లుడిపాటి చెయ్యడా అని మస్కట్ మాత్ర కూడా వేసింది. పెదబాబు గజగజ వణుకుతూ, కట్టుకున్న భార్యనే "ఎవరమ్మా మీరు?" అని మర్యాదగా అడిగేసరికి, కారెక్కించి అమలాపురం ఆసుపత్రికి పరిగెత్తించింది.

డాక్టరు కృపారావు రక్తం పరీక్షకి పంపించి, ఫలితం రాగానే ఆమెను పిలిచారు.

"రక్తంలోకి సూక్ష్మజీవులు చేరేయమ్మా. మామూలు మందులేవీ వాటిని చంపలేవంట. ఇంట్లో ఏం వాడేరు?"

భవానీదేవి కాస్త గర్వంగానే మొదలుపెట్టింది. డబ్బాలో సగానికి వచ్చేసరికి డాక్టరు కలం కింద పెట్టేశారు.

"ఇలా మందు రుచి చూపించి వదిలేస్తుంటే, చావకుండా మిగిలినవి రాటుదేలిపోతాయమ్మా. ఇప్పుడు పనిచేసే మందు ఒక్కటే ఉంది. సెలైన్‌లో చెప్పినన్నాళ్ళూ ఎక్కించాలి. మధ్యలో ఆపితే నా దగ్గర ఇంకో మందు లేదు."

"అయ్యబాబోయ్! ఆపమండి."

మందు పనిచేసింది. అదే వచ్చిన చిక్కు. జ్వరం దిగగానే పెదబాబు లేచి కూర్చున్నాడు.

"తోటలో కొబ్బరికాయల దింపు ఉందే. పోదాం పద."

ఇడ్లీలు పట్టుకొచ్చిన ఆడపడుచు మంగాయమ్మ తమ్ముణ్ణే బలపరిచింది.

"జ్వరంలేని మనిషికి మందెందుకే భవానీ? మిగిలిన సీసాలు ఇంటికి పట్టుకుపోదాం. సుబ్బరాజుగారికి దగ్గొస్తోందంట, పాపం."

నెల కిందటైతే భవానీదేవే అనాల్సిన మాట. ఇప్పుడు మాత్రం భర్త ముఖంకేసి చూస్తే "ఎవరమ్మా మీరు?" అన్నదే చెవిలో మోగింది. అతని చొక్కాలూ, లుంగీలూ, చెప్పులూ సంచిలో కుక్కి మంగాయమ్మ చేతిలో పెట్టింది.

"ఇవి ఉతికించండి, వదినగారూ."

"చెప్పులు కూడానా?"

"ఆయ్, చెప్పులు కూడా." భర్తవైపు తిరిగింది. "ఇంక వెళ్ళండి మరి. ఆసుపత్రి దుప్పటి చుట్టుకుని దింపు చేయిద్దురుగాని."

మందు ఆఖరి చుక్క దాకా ఎక్కింది. పెదబాబు తన కాళ్ళమీద తాను నడిచి ఇంటికొచ్చాడు.

పరామర్శకి వీధంతా వచ్చింది. భవానీదేవి డబ్బా మూత తీసింది. లోపల జంతికలు! సుబ్బరాజుగారు ఒకటి నమిలి, అడుగుదాకా తొంగిచూశారు.

"అన్నాళ్ళు ఆసుపత్రిలో ఉండి ఒక్క బిళ్ళయినా మిగల్చలేదాండీ?"

"లేదండి. ఈయన ఒక్కరికే సరిపోయింది."

ఎంత ధర్మాత్మురాలు ఎంత పిసినారి అయిపోయిందని వీధి వీధంతా నొచ్చుకుంది. ప్రస్తుతం ఆ ప్రజాసేవ మంగాయమ్మగారు చేపట్టారు. ఆవిణ్ణి చూసి నవ్వే పాఠకులు, ముందు తమ ఇంట్లో ఫ్రిజ్ మీదున్న డబ్బా దింపి, అందులో సగం వాడిన మాత్రల అట్ట ఎవరికోసం దాచారో చెప్పి, ఆపైన నవ్వవలసిందిగా మనవి.